“నాకు బొమ్మలు రావండి మేస్టారూ” అనే పిల్లలతో ఏం చెయ్యాలి

ఆరో తరగతిలో కొత్తగా చేరిన పిల్లల చేతికి తెల్లకాగితం ఇచ్చి ఏదో ఒకటి గీయమనండి. కొందరు కాగితం మీద చెయ్యే పెట్టరు. “నాకు రాదండి” అంటారు. ఇంకొందరు రెండు నిమిషాల్లో ముగించేసి “అయిపోయిందండీ” అని లేచి నిలబడతారు. ఒకడు గీస్తాడు, చెరుపుతాడు, మళ్ళీ గీస్తాడు, చివరికి కాగితానికి చిల్లు పడుతుంది. ఒకమ్మాయి పక్కపిల్ల కాగితం చూసి గీత గీతా దించుతుంది. బయటికి చూస్తే వీళ్ళంతా ఏకాగ్రత లేని పిల్లలే. దగ్గరికెళ్ళి చూస్తే ఒక్కొక్కరు ఆగిన చోటు వేరు. అందరికీ ఒకే మందు పనిచెయ్యదు.

నేను శ్రీకాకుళం జిల్లాలో హైస్కూలు డ్రాయింగు మాస్టారిని. మొదట గార మండలంలో సముద్రం ఒడ్డు ఊళ్ళో చేశాను, ఇప్పుడు పొందూరు వైపు చేస్తున్నాను. 2009 విద్యాహక్కు చట్టం వచ్చాక ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందకు మించి పిల్లలున్న బడికి చిత్రకళకి పార్ట్ టైం ఇన్‌స్ట్రక్టరు ఉండాలన్నారు. అలా చేరిన కుర్రవాళ్ళు నన్ను అడిగేది ఎప్పుడూ ఇదే: “సగం మంది గీయరు సార్, మిగతా సగం గోల. ఎలాగ?” వాళ్ళకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

నా నమ్మకం ఒకటే. మెచ్చుకుంటే పిల్లలకి ధైర్యం రాదు. తను కళ్ళారా చూసినది తన కాగితం మీద కనిపించి, “ఇదిగో, ఇది అదే” అని తనే గుర్తుపట్టిన రోజున వస్తుంది. ఏకాగ్రత కూడా ఆ దారినే వస్తుంది. “శ్రద్ధగా గియ్యి” అంటే ఏం చెయ్యాలో పిల్లకి తెలీదు. “ఈ అంచు వెంట చూడు” అంటే తెలుస్తుంది.

ముందు రెండు వారాలు చూడండి

ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి, ఒక్కో పిల్లకి అరపేజీ. అందులో గుణాలు రాయొద్దు, చేసినవి రాయండి. “బద్ధకం” అని రాస్తే మీకు రేపు చెయ్యడానికి ఏమీ మిగలదు. “పెన్సిలు పట్టుకుని ఊరికే కూర్చున్నాడు, ముందు బెంచీ వాడి కాగితం చూశాకే మొదలెట్టాడు” అని రాస్తే వాణ్ణి రేపు ఎక్కడ కూర్చోబెట్టాలో తెలుస్తుంది.

మనసు సంగతి తర్వాత, ముందు కళ్ళూ చేతులూ చూడండి. బోర్డు వైపు కళ్ళు చిట్లించే పిల్ల, కాగితానికి ముక్కు ఆనించి గీసే పిల్ల ఉంటే హెడ్మాస్టరు గారితో చెప్పి కంటి పరీక్షకి పంపించండి. కళ్ళజోడు వచ్చాక “ధ్యాస లేదు” అన్న ఫిర్యాదు చాలామటుకు పోతుంది. ఎడమచేతి వాటం పిల్లల్ని బెంచీకి ఎడమ చివర కూర్చోబెట్టండి, పక్కవాడి మోచెయ్యి తగలదు. వాళ్ళని కాగితం కుడి వైపు నుంచి మొదలెట్టమనండి, వేసిన పెన్సిలు అరచేతికింద నలిగి మసకబారదు. ఇంట్లో చెయ్యి మార్పించాలని చూస్తుంటే, డ్రాయింగు పిరియడ్‌లో మాత్రం ఎడమచెయ్యే వాడమని గట్టిగా చెప్పండి.

రంగుల విషయంలో మరీ జాగ్రత్త. ఆకులకి గోధుమరంగు వేసిన పిల్లాణ్ణి చూసి క్లాసంతా నవ్వుతుంది, వాడు ఆ రోజుతో రంగులు ముట్టడం మానేస్తాడు. కొందరికి ఎరుపు, ఆకుపచ్చ విడివిడిగా తెలియవు. దానికి కారణమైన జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. మగపిల్లలకి ఆ క్రోమోజోము ఒక్కటే కాబట్టి వాళ్ళలోనే ఇది ఎక్కువ. అనుమానం వస్తే నలుగురిలో అడగొద్దు. మిరపమొక్క దగ్గరికి విడిగా తీసుకెళ్ళి పండుకాయలు ఏరి చూపించమనండి. తడబడితే డాక్టరుకి చూపించమని ఇంట్లో చెప్పండి. క్లాసులో అతని క్రేయాన్ల మీది పేరు కాగితం చింపకుండా ఉంచండి, పెన్సిలు షేడింగు ఎక్కువ చేయించండి. వెలుగునీడల తేడా పట్టడంలో అతను ఎవరికీ తీసిపోడు.

ఇంకొక సంగతి. తొమ్మిది నుంచి పన్నెండేళ్ళ మధ్య పిల్లలకి “ఉన్నది ఉన్నట్టు రావాలి” అన్న పట్టుదల పుడుతుంది. అప్పటిదాకా గోడలనిండా గీసినవాళ్ళు ఒక్కసారిగా మానేస్తారు. కన్ను ముందుకెళ్ళిపోయింది, చెయ్యి ఇంకా వెనకుంది. కాబట్టి “నాకు రాదు” అనే పిల్లకి తరచూ తేడా బాగా కనబడుతోందని అర్థం. ఈ మాట వాళ్ళతో నేను సూటిగా అంటాను: “తప్పు నీకు కనిపించింది కదమ్మా, అంటే నీ కన్ను మంచిది. చెయ్యి నేర్చుకుంటుంది.” ఆరో తరగతి పిల్లకి ఇది చక్కగా అర్థమవుతుంది.

నోటితో ఏమనాలి, చేత్తో ఏం చెయ్యకూడదు

“సూపర్”, “వెరీ గుడ్” అనడం మానెయ్యండి. అందరితో అంటే ఎవరూ నమ్మరు. ఒక్కరితో అంటే మిగతా వాళ్ళు డీలా పడతారు. కాగితం మీద ఏముందో అది చెప్పండి. “చెంబు మూతి గుండ్రంగా కాకుండా కోలగా గీశావు, పక్కనుంచి చూస్తే అలాగే ఉంటుంది.” “ఈ గీత ఇక్కడ ఒత్తావు, అక్కడ వదిలావు, అందుకే బరువు కింద ఉన్నట్టుంది.” పొగిడినట్టు లేకపోయినా ఆ పిల్ల దాన్ని ఇంటిదాకా మోసుకెళ్తుంది. సరిదిద్దాల్సి వచ్చినా అంతే, ప్రశ్నగా అడగండి: “పిడి చెంబుకి ఎక్కడ అతికింది? మళ్ళీ చూడు.” చూసి తనే మార్చుకుంటే ఆ మార్పు తనది.

పిల్ల కాగితం మీద మీ చెయ్యి పడకూడదు. ఇది నేను అన్నిటికన్నా గట్టిగా పట్టుకున్న నియమం. “ఇలా ఇవ్వు” అని తీసుకుని ముక్కు మనమే దిద్దేస్తే బొమ్మ బాగుపడుతుంది, అక్కణ్ణించి అది తన బొమ్మ కాదు. జేబులో చిన్న చీటీలు పెట్టుకోండి. చూపించాల్సింది చీటీ మీద గీసి చూపించి, ఆ చీటీ మీరే తీసేసుకోండి. అక్కడే వదిలేస్తే దాన్ని చూసి దించుతారు.

రబ్బర్లన్నీ మొదటి పది నిమిషాలు బల్ల మీద డబ్బాలో ఉంటాయి. తప్పు గీత ఉండనివ్వాలి, దాని పక్కనే సరైన గీత గీయాలి. రెండు గీతలూ కనిపిస్తేనే ఎంత తప్పిందో తెలుస్తుంది. దీనికి హెచ్‌బి కంటే 2బి పెన్సిలు మేలు. తేలిగ్గా పట్టుకున్నా నల్లగా పడుతుంది, కాగితం మీద గాడి పడదు. కాగితానికి చిల్లు పెట్టే పిల్లాడికి అచ్చంగా బాల్ పెన్ ఇచ్చేస్తాను. చెరపడానికి వీలే లేదని తెలిశాక వాడి భుజాలు దిగుతాయి.

సీనరీ

తెలుగు పిల్లలందరికీ ఒక సీనరీ వచ్చు. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కిందికి నది, పక్కన పాక, కొబ్బరిచెట్టు, పైన రెండు గీతల పక్షులు. దీన్ని వెక్కిరించే మాస్టార్లున్నారు. నేను ఒప్పుకోను. చాలామంది పిల్లలకి ధైర్యంగా గీయగలిగినది అదొక్కటే, దాన్ని లాగేస్తే వాళ్ళకి నిలబడ్డానికి చోటుండదు. గీయనివ్వండి, గీశాక దాని గురించి అడగండి.

గార మండలంలో చేసినప్పుడు ఒక ఏడో తరగతి పిల్లాడు రోజూ ఈ సీనరీయే వేసేవాడు. వాళ్ళ నాన్న సముద్రం మీద చేపల వేటకి వెళ్తాడు. “ఇది మీ ఊరేనా?” అన్నాను. “ఔనండి.” “మరి మీ ఊళ్ళో సూర్యుడు ఎక్కణ్ణించి లేస్తాడ్రా?” కాసేపు ఆలోచించాడు. “సముద్రంలోంచండి.” “కొండలున్నాయా?” “సాలిహుండం కొండ ఉందండి. అది ఈపు పక్కనుంటాది.” అంతే, ఇంకేం చెప్పలేదు. మర్నాటి కాగితంలో కొండలు లేవు. అడ్డంగా ఒక్క గీత, దాని మీద సగం సూర్యుడు, ముందు ఒడ్డున తెప్ప. తెప్ప మాత్రం నేను అంతకుముందు ఏ పిల్లల బొమ్మలోనూ చూడనంత వివరంగా ఉంది: దుంగలు ఎన్ని, తాడు ఎక్కడ ఎలా బిగించారు, కొస ఎలా పైకి లేచింది, అన్నీ. వాడికి డ్రాయింగు రాకపోవడం ఏంటి! వాడికి తెలిసిన వస్తువుని ఎవరూ అడగలేదు.

అందుకే ప్రతి పిల్లా తన ఇంట్లో దేన్ని బాగా ఎరుగునో కనుక్కోండి. బుడితి వైపు పిల్లకి ఇత్తడి చెంబు మెడ ఎక్కడ సన్నబడుతుందో తెలుసు. పలాస వైపు పిల్లకి జీడిపండు కింద గింజ ఎటు వంగుతుందో తెలుసు. మనం బోర్డు మీద గీసే ఆపిలు వాళ్ళెవరూ చెట్టున చూసినది కాదు.

ధ్యాస నిలవాలంటే చూసేది చిన్నదవ్వాలి

పెద్ద డ్రాయింగు షీటు భయపెడుతుంది. ఏ4 కాగితాన్ని నాలుగు ముక్కలు చెయ్యండి. అరచేతి కంటే కాస్త పెద్ద ముక్క చాలు. ఖర్చు తగ్గుతుంది, పిరియడ్ లోపల పూర్తవుతుంది. పూర్తయిన బొమ్మ చేతిలో పట్టుకున్న పిల్ల మర్నాడు అడక్కుండానే కూర్చుంటుంది.

పాత శుభలేఖల అట్టలు పోగుచెయ్యండి. మధ్యలో అగ్గిపెట్టెంత కిటికీ కత్తిరించి ఒక్కొక్కరికి ఒకటివ్వండి. ఒక కన్ను మూసి ఆ కిటికీలోంచి ఎంత కనిపిస్తే అంతే గీయాలి. బడి ఆవరణలో వేపచెట్టు మొత్తం గీయమంటే ఎవరూ గీయలేరు. కిటికీలో పడిన కొమ్మ, నాలుగు రెమ్మలు ఎవరైనా గీస్తారు. చుట్టూ గోల ఉన్నా, అట్ట కంటికి అడ్డం పెట్టుకున్నంతసేపూ పిల్లకి అదొక్కటే లోకం.

తర్వాతిది కాగితం చూడకుండా గీయడం. వస్తువు ఎదురుగా పెట్టి, పెన్సిలు కాగితం మీద ఆనించి, చూపు వస్తువు అంచు మీద ఒక చోట నిలపమనండి. చూపు ఎంత మెల్లగా కదిలితే పెన్సిలు అంతే మెల్లగా కదలాలి. కాగితం వైపు చూడకూడదు, పెన్సిలు ఎత్తకూడదు. మూడు నిమిషాలు చాలు. వచ్చేది వంకరటింకరగానే ఉంటుందని ముందే చెప్పండి, అందరిదీ అలాగే ఉంటుంది కాబట్టి ఎవరికీ సిగ్గుండదు. మొదటిసారి నవ్వుతారు. రెండో మూడో సారికి గదిలో ఫ్యాను చప్పుడు వినిపిస్తుంది. ఈ మూడు నిమిషాలయ్యాకే అసలు బొమ్మ మొదలెట్టండి.

పొందూరు దగ్గర బడిలో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె ఉండేది. ఎప్పుడు గీసినా మధ్యలో చింపేసేది. ఒక వారం “గుప్పిట్లో పట్టే వస్తువు ఇంటినుంచి తెండి” అన్నాను. అందరూ తాళంచెవి, గవ్వ, చింతగింజలు తెచ్చారు. ఈ పిల్ల పేపర్లో చుట్టి వాలుగ చేప దవడ తెచ్చింది. వాళ్ళ మామ్మ ఖద్దరు నూలు వడుకుతుంది. పొందూరులో పత్తిని ఆ దవడ పళ్ళతోనే దువ్వి చెత్త తీస్తారు, అలా శుభ్రం చేసిన పత్తిలోంచే వందో నంబరు సన్న నూలు వస్తుంది. నేను దాన్ని అంత దగ్గరగా చూడడం అదే మొదలు. సూదిమొనల కంటే సన్నగా వరసల మీద వరసలు పళ్ళు.

“అన్నీ గియ్యాలేటండి?” అంది బెదురుగా. “లెక్కపెట్టక్కర్లేదమ్మా. ఎక్కడ ఒత్తుగా ఉన్నాయి, ఎక్కడ పలచగా ఉన్నాయి? అది చూడు.” కిటికీ అట్ట ఇచ్చాను. ముందు అంచు ఒక్కటే గీసింది. తర్వాత ఒక మూల నుంచి చిన్న చిన్న చుక్కలు, వాటినే కిందికి లాగి పళ్ళు. గంట కొట్టారు, లేవలేదు. తర్వాతి పిరియడ్ లెక్కల మాస్టారిని బతిమాలి ఇంకాసేపు కూర్చోనిచ్చాను. చివర్లో నన్ను పిలిచి, “ఇక్కడ పళ్ళు అరిగిపోనాయండి, మామ్మ ఇక్కడే ఎక్కువ దువ్వుతాది” అని చూపించింది. కాగితం మీద ఆ చోట గీతలు పొట్టిగా, మొద్దుగా ఉన్నాయి. అలా గీయమని నేను చెప్పలేదు. ఆ కాగితం చింపలేదు.

ఒక్కొక్కరి దారి

రెండు నిమిషాల్లో ముగించేవాణ్ణి “ఇంకా గియ్యి” అంటే కింద గడ్డి గీస్తాడు. వాడికి పని చిన్నది చేసి కష్టం పెంచండి: “అదే ఆకు, ఈసారి పురుగు తిన్న చోటు మాత్రం.”

పక్కవాళ్ళది దించే పిల్లని తిట్టొద్దు. ఫొటో తలకిందులు చేసి ఇచ్చి, అలాగే తలకిందులుగా దించమనండి. అది ముక్కో చెవో తెలియదు కాబట్టి తెలిసిన గుర్తులు వెయ్యడం మాని ఉన్న గీతలు చూస్తుంది. అయ్యాక తిప్పి చూపించండి. ఆ ముఖం చూడడం కోసమే నేను ఈ పాఠం ప్రతి ఏడూ పెట్టుకుంటాను.

క్లాసులో “ఆర్టిస్టు” అని పేరుపడ్డ పిల్లలుంటారు. సినిమా హీరోని ఫోనులో చూసి అచ్చు దించేస్తారు. వాళ్ళకీ భయమే, పేరు పోతుందేమోనని కొత్తదేదీ ముట్టుకోరు. బొగ్గుముక్క, వెదురుపుల్ల, తడి కాగితం, ఏదో ఒకటి అలవాటు లేనిది ఇచ్చి, అందరితో సమానంగా మళ్ళీ మొదట్నించి నడవనివ్వండి.

కుదురుగా కూర్చోలేని పిల్లాణ్ణి నిలబడి గీయనివ్వండి. గోడకి పాత పేపరు అంటించి భుజం నుంచి చెయ్యి ఊపుతూ పెద్ద గీతలు గీయమనండి. నీళ్ళు పోసే పని, బ్రష్షులు కడిగే పని వాడికే ఇవ్వండి.

మెళియాపుట్టి వైపు నుంచి హాస్టలుకి వచ్చిన సవర గిరిజన పిల్లల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వాళ్ళ ఇళ్ళలో గోడల మీద ఎర్రమట్టి అలికి బియ్యప్పిండితో బొమ్మలేస్తారు. చతురస్రంగా ఒక హద్దు, అందులో మనుషులు, గుర్రాలు, ఏనుగులు, చెట్లు, సూర్యచంద్రులు. మనుషులు రెండు త్రికోణాలు కలిపినట్టుంటారు. అక్కడి పిల్ల అలా గీస్తే “మనిషి ఇలా ఉంటాడా?” అనకండి. అది చేతకాక గీసింది కాదు, పెద్దలనుంచి వచ్చిన పద్ధతి. మిగతా క్లాసుకి ఆ పద్ధతి నేర్పమని ఆ పిల్లనే అడగండి.

“ఏది కరెక్టు బొమ్మ మేస్టారూ?” అని అడిగినప్పుడు నేను రెండు ప్రింట్లు పక్కపక్కన పెడతాను. ఒకటి 1921లో శ్రీకాకుళంలోనే పుట్టిన వడ్డాది పాపయ్య గారిది, ఏళ్ళ తరబడి చందమామకి ముఖచిత్రాలు వేసినాయన. రెండోది విజయనగరంలో చిత్రకళ నేర్పిన అంట్యాకుల పైడిరాజు గారిది. రెంటిలోనూ ఆడమనిషే. ఒకచోట మెత్తటి రంగులు, ఒక్కో నగకీ విడిగా మెరుపు. ఇంకోచోట దిట్టమైన గీత, పల్లెటూరి నిండుదనం. పక్కపక్క ఊళ్ళవాళ్ళే ఇంత వేరుగా వేశారంటే పిల్లలు చాలాసేపు చూస్తారు. అందులో ఒకరు మన ఊరివాడంటే మరీను.

బయటికి తీసుకెళ్ళండి

ఏడాదికొకసారైనా శ్రీకూర్మం తీసుకెళ్ళండి. గుడి చుట్టూ మండపంలో గోడల మీద పాత చిత్రాలున్నాయి. అన్నీ చూడమని తిప్పితే పిల్లలు ఏదీ చూడరు. ఒక్కొక్కరికీ కిటికీ అట్టలో పట్టేంత ముక్క అప్పగించండి: ఒకరికి చెయ్యి, ఒకరికి కిరీటం అంచు. గోడ తాకకూడదని బయల్దేరే ముందే చెప్పండి.

గుడి ఆవరణలోనే నక్షత్ర తాబేళ్ళున్నాయి. ప్రాణమున్న దాన్ని గీయడానికి పిల్లలకి ఇంతకన్నా మంచి మోడల్ దొరకదు, మెల్లగా నడుస్తాయి. డిప్ప మీద నడివెన్ను వెంట ఐదు పలకలు, అటూ ఇటూ నాలుగేసి. ఒక్కో పలక మధ్య నుంచి పసుపు గీతలు చుట్టూ విచ్చుకుంటాయి. ఒక్క పలకతో మొదలెట్టమనండి. గీస్తుండగా తాబేలు కదిలిపోతే చాలామంది “పోయిందండీ” అని ఆపేస్తారు. పక్కనే ఇంకో గీత మొదలెట్టమని, అది మళ్ళీ ఇటు తిరిగినప్పుడు పాతది కొనసాగించమని చెప్పండి. సగంలో ఆగినదాని దగ్గరికి తిరిగి రావడం పిల్లలకి అలవాటు కావాలి, తాబేలు ఆ పని హాయిగా నేర్పుతుంది.

అట్టలో దాచండి

ప్రతి పిల్లకీ ఒక అట్ట ఫైలు. ప్రతి బొమ్మ వెనక తేదీ, చూసి గీసిందా ఊహించి గీసిందా, అంతే. మార్కులు బొమ్మ మీద వెయ్యొద్దు, రిజిస్టరులో వేసుకోండి. సంక్రాంతి సెలవుల ముందు జూన్ బొమ్మ, డిసెంబరు బొమ్మ పక్కపక్కన పెట్టి పిల్లనే మాట్లాడమనండి. పక్కవాళ్ళతో పోల్చకండి.

తల్లిదండ్రుల సమావేశానికి ఈ ఫైళ్ళు బెంచీల మీద పెట్టండి. “మా గుంట బొమ్మలేసుకుంటూ కూకుంటే సదువెప్పుడండి?” అని అడిగేవాళ్ళుంటారు. వాళ్ళతో వాదించొద్దు. ఫైలు తెరిచి, ఆ పిల్ల ఎంతసేపు ఒక్క పనిమీద కూర్చుందో చూపించండి, సైన్సు పటాలు ఎంత శుభ్రంగా వేస్తోందో ఆ మాస్టారి చేత చెప్పించండి.

పోటీలకి ఎప్పుడూ ఆ ఇద్దరు ముగ్గురినే పంపే అలవాటు మన బళ్ళలో ఉంది. ఆగస్టు పదిహేనుకి మండల స్థాయిలో బొమ్మల పోటీ పెట్టినప్పుడు బహుమతి తెచ్చే పిల్లతోపాటు, ఆ ఏడాదే మొదటిసారి బొమ్మ పూర్తిచేసిన పిల్లనీ పంపండి. బస్సెక్కే ముందు ఆ పిల్ల చేతిలో రెండు 2బి పెన్సిళ్ళు, మెండరు, కిటికీ అట్ట పెట్టండి. టాపిక్ ఏదిచ్చినా ముందు చుట్టూ చూసి ఒక్క వస్తువుతో మొదలెట్టమని చెప్పండి.